ఆస్తి పత్రాల్లో వంశం: లింకన్ పూర్వీకుల మీద ఒక సంవాదం

పత్రవాది: ఇంగ్లండులో నార్ఫోక్ కౌంటీకి చెందిన హింగమ్ అనే ఊళ్లో, సెయింట్ ఆండ్రూ చర్చి రిజిస్టరులో 1622 ఆగస్టు 24 నాటి పద్దు ఒకటి ఉంది. ఆ రోజు శామ్యూల్ లింకన్ అనే బిడ్డకు బాప్తిస్మం ఇచ్చారు. 1637లో ఒక నేతగాడి దగ్గర పని నేర్చుకునే కుర్రవాడుగా శామ్యూల్ ఓడెక్కి మసాచుసెట్స్ చేరాడు. అక్కడ కొత్తగా వెలసిన మరో హింగమ్‌లో స్థిరపడ్డాడు. అతని కొడుకు మొర్దెకై, మనవడు మొర్దెకై, మునిమనవడు జాన్, జాన్ కొడుకు అబ్రహాం, అతని కొడుకు థామస్, థామస్ కొడుకు అమెరికా అధ్యక్షుడైన అబ్రహాం లింకన్. వీళ్లెవరూ కోటల్లో పుట్టినవాళ్లు కారు. మగ్గం, కొలిమి, నాగలి పట్టి బతికినవాళ్లు. మసాచుసెట్స్ నుంచి న్యూజెర్సీకి, అక్కణ్నుంచి పెన్సిల్వేనియాకు, వర్జీనియాకు, కెంటకీకి తరం తరానికీ పొలం మారారు. ఇలాంటి కుటుంబానికి చరిత్ర ఉందంటే అది వీలునామాల వల్ల, దస్తావేజుల వల్ల, చర్చి రిజిస్టర్ల వల్ల మాత్రమే ఉంది. ఈ గొలుసు లింకన్‌కే తెలియదు. 1859లో తన గురించి రాసుకున్న చిన్న పరిచయంలో, న్యూ ఇంగ్లండు లింకన్లతో సంబంధం కలపడానికి ఎవరో ప్రయత్నించారనీ, పేర్ల పోలిక తప్ప మరేమీ తేలలేదనీ ఆయన రాశాడు. కుటుంబం మరిచిపోయినదాన్ని కాగితం దాచి ఉంచింది.

సంశయవాది: మొదటి పద్దు దగ్గరే చిక్కు ఉంది. 1637 ఏప్రిల్‌లో ప్రయాణికులను ప్రశ్నించి రాసుకున్న జాబితాలో శామ్యూల్ వయసు 18. బాప్తిస్మం 1622లో జరిగితే, పుట్టగానే చేయించారనుకుంటే, ఓడెక్కేనాటికి అతనికి 15 కూడా నిండలేదు. రెండు పత్రాలూ ఆనాటివే, రెండూ అధికారికమే, కానీ రెండూ సూటిగా పొసగవు. వయసు పెంచి చెప్పాడనడం ఒక వివరణ, బాప్తిస్మం ఆలస్యంగా జరిగిందనడం మరో వివరణ, ఇద్దరూ వేరు వేరు శామ్యూళ్లు కావచ్చుననడం ఇంకొకటి. వీటిలో ఏదో ఒకదాన్ని ఎంచుకోకపోతే గొలుసు ముందుకు కదలదు. ఆ ఎంపిక కాగితం మీద లేదు, చదివేవాడి బుర్రలో ఉంది. ఏ వంశవృక్షాన్ని తీసుకున్నా ప్రతి రెండు పేర్ల మధ్యా ఇలాంటి ఎంపిక ఒకటి ఉంటుంది. అచ్చయ్యాక అది కనిపించదు.

పత్రవాది: ఎంపిక ఉన్నమాట నిజమే, కానీ అది గుడ్డి ఎంపిక కాదు. వయసు నోటిమాట మీద రాసుకున్నది, బాప్తిస్మం జరిగిన రోజున నమోదైనది. రెండింటి బరువూ ఒకటి కాదు. పైగా శామ్యూల్ అన్నలు థామస్, డేనియల్ కూడా కొత్త హింగమ్‌లోనే ఉన్నారు. ఒక్క పేరు కలిస్తే అది పోలిక, ఒకే ఊరి నుంచి వెళ్లిన ఒకే ఇంటి అన్నదమ్ములు అవతలి ఒడ్డున ఒకే చోట తేలితే అది సాక్ష్యం.

ఇంకా గట్టి ఉదాహరణ మూడో తరంలో దొరుకుతుంది. రెండో మొర్దెకై పెన్సిల్వేనియాలోని అమిటీలో 1736లో చనిపోయాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో వీలునామా రాశాడు. ఇంటి పొలాన్ని రెండో భార్య కొడుకులు మొర్దెకై, థామస్‌లకు ఇచ్చాడు. మొదటి భార్యకు పుట్టిన పెద్దకొడుకు జాన్‌కు న్యూజెర్సీలోని 300 ఎకరాలు రాశాడు. భార్య ఒకవేళ గర్భవతిగా ఉండి మగబిడ్డను కంటే, ఇంటి పొలాన్ని మూడు సమాన వాటాలు చేయాలని మరో షరతు పెట్టాడు. ఆ బిడ్డ పుట్టాడు, పేరు అబ్రహాం. చావు దగ్గరపడిన రైతు ఒకడు ఇంకా పుట్టని బిడ్డ వాటా గురించి పడిన తపన ఆ ఒక్క షరతులో తెలుస్తుంది. జెర్సీ పొలం లేకపోతే ఈ తండ్రికీ, ఆ తర్వాత వర్జీనియాకు వెళ్లిన జాన్‌కూ మధ్య దారి తెగిపోయేది. ఈ వీలునామా రాసినవాడి మనసులో వంశచరిత్ర లేదు, పొలం పంపకం ఉంది. అందుకే దీన్ని నమ్మవచ్చు. గొప్ప కోసం రాసుకున్న వంశావళి తన గురించి తాను సాక్ష్యం చెప్పుకుంటుంది, కోర్టులో దాఖలైన వీలునామా పక్కవాటాదారు కళ్ల ముందు నిలబడింది.

సంశయవాది: ఈ వాదంలో బలం ఉంది, ఒప్పుకోక తప్పదు. వంశం కోసం పుట్టని పత్రం వంశం విషయంలో అబద్ధమాడటానికి కారణం ఉండదు. అయితే అదే కారణం చేత దాని మౌనానికి అర్థం కూడా ఉండదు. వీలునామాలో పేరు లేని కొడుకు చనిపోయాడని, తండ్రికి పడనివాడని, అసలు కొడుకే కాడని చదివేవాళ్లు తేల్చేస్తుంటారు. వర్జీనియాలో 1786 చివరిదాకా ఉన్న చట్టం ప్రకారం, వీలునామా లేకపోతే పొలమంతా పెద్దకొడుకుదే. కాబట్టి పెద్దవాడికి వేరే రాయాల్సిన పని తండ్రికి తరచూ ఉండదు. పెళ్లప్పుడే వాటా అందుకున్న కూతురి పేరు వీలునామాలో రాకపోవచ్చు. ఉన్న పేర్లయినా సూటిగా ఉండవు. ఒకే ఊళ్లో పేరు పక్కన సీనియర్, జూనియర్ అని కనిపిస్తే వాళ్లు తండ్రీ కొడుకులే కానక్కర్లేదు. బాబాయీ అబ్బాయీ కావచ్చు, బంధుత్వమే లేని ఇద్దరు కావచ్చు. సవతి కొడుకునూ కూతురి భర్తనూ ఒకే మాటతో రాయడం ఆ కాలంలో మామూలు. తేదీలు కూడా జారుతాయి. 1752 దాకా ఇంగ్లండులోనూ దాని వలస రాజ్యాల్లోనూ కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. మొర్దెకై వీలునామా ఫిబ్రవరిలో రాసినది కాబట్టి ఆనాటి లెక్కలో అది 1735, ఈనాటి లెక్కలో 1736. ఇది తెలియనివాడు తండ్రి చావుకూ కొడుకు పుట్టుకకూ మధ్య ఏడాది తేడా తెచ్చి, ఆ బిడ్డనే అక్రమ సంతానంగా చేయగలడు.

వీలునామా మాట్లాడినప్పుడు కూడా సగమే చెబుతుంది. శామ్యూల్ తాత రిచర్డ్ లింకన్ స్వాంటన్ మోర్లీలో భూమి ఉన్నవాడు. ఆయన వీలునామా పెద్దకొడుకు ఎడ్వర్డ్‌ను పక్కకు నెట్టి, నాలుగో భార్య పిల్లలకు ఆస్తి ఇచ్చింది. ఎడ్వర్డ్ కొడుకులే అమెరికా వెళ్లిన శామ్యూల్, థామస్, డేనియల్. తాత వీలునామా వల్లే మనవళ్లు సముద్రం దాటారని కథ అల్లడం చాలా తేలిక. అది నిజం కావచ్చు కూడా. కానీ ఆ మాట ఏ పత్రంలోనూ లేదు.

పత్రవాది: కారణం పత్రంలో లేకపోవచ్చు, పరిస్థితి ఉంది. ఆస్తి దక్కని పెద్దకొడుకు ఇంట్లోంచి ముగ్గురు కొడుకులు వలసపోయారన్నది వాస్తవం. దాని పక్కన ఏ కథ పెట్టాలో చదివేవాడు జాగ్రత్తగా తేల్చుకోవాలి, అంతే.

చట్టం సంగతి తెలిసినవాడికి మౌనం కూడా మాట్లాడుతుంది. అధ్యక్షుడి తాత కెప్టెన్ అబ్రహాం కెంటకీలో 1786 మేలో పొలంలో పని చేస్తూ స్థానిక తెగవాళ్ల దాడిలో చనిపోయాడు. వీలునామా రాయలేదు. కెంటకీ అప్పటికి వర్జీనియాలో భాగం. ముగ్గురు కొడుకుల్లో పెద్దవాడు మొర్దెకై పొలమంతా అందుకున్నాడు. అందరికంటే చిన్నవాడు థామస్‌కు గుంట భూమి రాలేదు. పెద్దకొడుకు హక్కును తీసేసే చట్టం వర్జీనియాలో 1785లోనే ఆమోదం పొందినా, అమల్లోకి వచ్చింది 1787 జనవరి 1న. తండ్రి మరో ఎనిమిది నెలలు బతికి ఉంటే థామస్‌కు వాటా ఉండేది. తండ్రి లేక కూలికి తిరుగుతూ పెరిగిన ఆ పిల్లవాడి బాల్యానికి కారణం అతని స్వభావం కాదు, ఒక చట్టం అమలు తేదీ. ఏ జ్ఞాపకమూ, ఏ కుటుంబ గాథా ఈ సంగతి చెప్పలేదు. కుటుంబం గుర్తుపెట్టుకున్న లెక్కలో ఆ హత్యే కొన్నేళ్లు ముందుకు జరిగింది.

ఆ కెప్టెన్ ఇంటిని చూడాలన్నా కాగితమే దిక్కు. 1789లో మదింపుదార్లు తయారు చేసిన ఆస్తి జాబితాలో ఒక ఎర్రగుర్రం, ఒక నల్లగుర్రం, దూడలతో ఆవులు, నాగలి, కలుపు తీసే పారలు మూడు, అవిసె నార వడికే రాట్నం, తగరపు కంచాలు డజను, వడ్రంగి బర్మాలు, తుపాకులు మూడు, ఒక టర్కీకోడి ఈకల పరుపు ఉన్నాయి. తోలు పదును చేసే కత్తి కూడా ఉంది. ఈ ఇంట్లో ఏం పండించారో, చలికాలం ఏ పని చేసుకున్నారో, దేనికి భయపడ్డారో ఆ జాబితా చెబుతుంది.

సంశయవాది: ఆ జాబితాలో రాట్నం ఉంది, దాన్ని తిప్పిన ఆడమనిషి లేదు. ఈ పద్ధతిలో అసలైన లోటు ఇదే. భర్త బతికి ఉన్న స్త్రీ ఆస్తి ఆ కాలపు ఇంగ్లీషు చట్టం ప్రకారం భర్త చేతిలో ఉంటుంది. అతని అనుమతి లేకుండా ఆమె వీలునామా రాయలేదు. అందువల్ల ఆడవాళ్లు పుట్టింటి పేరు లేకుండా, ఎవరో ఒకరి భార్యగా పత్రాల్లో కనిపించి మాయమవుతారు. ఏడు తరాల లింకన్లని గర్వంగా చెప్పుకునేది తండ్రుల వరస ఒక్కటే. తల్లుల వైపు నుంచి లెక్కేస్తే శామ్యూల్ తరంలో అధ్యక్షుడికి పూర్వీకుల స్థానాలు 64 ఉంటాయి. వాటిలో 63 పక్కనపెట్టి ఒక్కదాన్ని వంశం అంటున్నారు. ఇంటిపేరూ పొలమూ కలిసి నడిచిన దారినే కుటుంబం అనుకోవడం పత్రాలు నేర్పిన అలవాటు.

పత్రవాది: ఆడవాళ్లు పూర్తిగా మాయమయ్యారనడం సరికాదు. భర్త భూమిలో మూడో వంతు మీద భార్యకు బతికినన్నాళ్లూ హక్కు ఉండేది. ఆ హక్కు వదులుకుంటున్నట్టు ఆమె ఒప్పుకోనిదే భూమి కొన్నవాడికి నిబ్బరం ఉండదు. కెప్టెన్ అబ్రహాం 1780లో లిన్‌విల్ క్రీక్ దగ్గరి వర్జీనియా పొలం అమ్మినప్పుడు దస్తావేజులో భార్య బాత్‌షెబా పేరు కూడా ఉంది. ఆమె కోర్టుకు ప్రయాణం చేయలేని స్థితిలో ఉండటంతో, భర్త లేకుండా విడిగా ఆమె సమ్మతి తీసుకోవడానికి 1781లో అధికారుల్ని ఇంటికి పంపారు. అధ్యక్షుడి నాయనమ్మ మేరీ షిప్లీ అని చాలాకాలం పుస్తకాల్లో తిరిగిన మాటకు ఎదురు నిలిచింది ఈ కాగితమే. కొన్నవాడు తన భద్రత కోసం తీసుకున్న జాగ్రత్త వల్ల ఒక స్త్రీ పేరు నిలిచింది.

సంశయవాది: పేరు నిలిచింది, పుట్టిల్లు నిలవలేదు. ఆమె హెర్రింగ్ కుటుంబపు ఆడపడుచు అన్నది కుటుంబాల్లో చెప్పుకున్న మాట మీద ఆధారపడింది. ఆ పొలం ఉన్న రాకింగ్‌హామ్ కౌంటీ కోర్టు పుస్తకాలు భద్రం కోసం బండిలో తరలిస్తుండగా 1864 జూన్‌లో సైనికుల చేతుల్లో కాలాయి. వర్జీనియాలో ఇలా నిప్పుకు ఆహుతైన కౌంటీలు ఒకటీ రెండూ కావు. మిగిలిన కాగితం దొరికిన మేర కథ చెప్పి, కాలిపోయిన దాని గురించి అంతా ఇంతేనన్నట్టు ఊరుకోవడం ఈ పరిశోధనలో తరచూ జరిగే పొరపాటు.

అంతకంటే పెద్ద ప్రమాదం అందమైన పత్రం దొరికినప్పుడు వస్తుంది. 1793 జనవరిలో కెంటకీ నెల్సన్ కౌంటీలో జోసెఫ్ హాంక్స్ అనే రైతు వీలునామా రాశాడు. కొడుకులకు తలా ఒక గుర్రం, కూతుళ్లకు తలా ఒక పెయ్యదూడ. పశువుల పేర్లతో సహా రాశాడు. కూతురు నాన్సీకి ఇచ్చిన ఏడాది పెయ్య పేరు పైడీ. 1899లో వెలువడిన ఒక పుస్తకం ఈ నాన్సీయే లింకన్ తల్లి నాన్సీ హాంక్స్ అని ప్రకటించింది. పేరు అదే, ఊరు దగ్గరే, కాలం సరిపోయింది. ఇంకేం కావాలి? తండ్రీ, తల్లీ, పెయ్యదూడా కూడా దొరికాయి. తర్వాత ఇతర పత్రాలు పరిశీలించిన విలియం బార్టన్ ఆ నాన్సీ వేరే మనిషి అని, అధ్యక్షుడి తల్లికి పిన్ని అని వాదించాడు. ఆయన లెక్కలో అసలు తల్లి నాన్సీ, జోసెఫ్ కూతురు లూసీకి పెళ్లికి ముందు పుట్టిన బిడ్డ. ఆ లూసీ పేరు వీలునామాలో లేనే లేదు. వీలునామా అబద్ధం చెప్పలేదు, చదివినవాళ్ల ఆశ దాని చేత చెప్పించింది. సాక్ష్యం ఎంత ముద్దుగా ఉంటే అంత తొందరగా నమ్ముతారు.

పత్రవాది: తప్పును పట్టుకున్నది కూడా పత్రాలే కదా. ఒక వీలునామాను ఒంటరిగా చదివితే ప్రమాదం, పన్ను జాబితాలూ పెళ్లి పూచీకత్తులూ భూమి దస్తావేజులూ పక్కన పెట్టి చదివితే తప్పు నిలవదు. లింకన్ తల్లిదండ్రుల పెళ్లి రికార్డు చాలాకాలం దొరకలేదు. వాళ్లు కాపురమున్న హార్డిన్ కౌంటీలో వెతికి లేదన్నారు, ఆ లోటులోంచి మురికి పుకార్లు పుట్టాయి. 1878లో వాషింగ్టన్ కౌంటీ గుమస్తా తన కచేరీలోనే పట్టుకున్నాడు: 1806 జూన్ 10 నాటి పూచీకత్తు, జూన్ 12న పెళ్లి చేశానని జెస్సీ హెడ్ అనే మెథడిస్టు పాస్టరు ఇచ్చిన వివరం. ఒక పేద తల్లి గౌరవాన్ని నిలబెట్టింది ఆ పాత కాగితమే.

థామస్ సంగతీ అంతే. జీవితచరిత్రకారులు చాలామంది ఆయన్ను పనిపాట లేని సోమరిగా చిత్రించారు. 1926లో లూయిస్ వారెన్ కోర్టు రికార్డులు తిరగేస్తే, 1803లో మిల్ క్రీక్ దగ్గర 238 ఎకరాలు కొన్నవాడు, పన్ను కట్టినవాడు, జ్యూరీలో కూర్చున్నవాడు కనిపించాడు. ఎవరో చెప్పిన మాట మీద ఒక రైతు పరువు దశాబ్దాలపాటు మంటగలిసింది, కాగితం దాన్ని తిరిగి ఇచ్చింది.

సంశయవాది: ఆ న్యాయం ఎవరికి దక్కుతుంది అన్నది అసలు ప్రశ్న. భూమి కొన్నవాడికి, పన్ను కట్టినవాడికి, జ్యూరీకి పిలుపు అందినవాడికి దక్కుతుంది. అదే వర్జీనియాలో 1662 చట్టం ప్రకారం పిల్లల స్థితి తల్లి స్థితిని బట్టి ఉండేది. బానిస తల్లి బిడ్డ బానిసే, తండ్రి ఎవరైనా సరే. 1705 చట్టం బానిసలను వారసత్వం విషయంలో స్థిరాస్తిగా చూసింది. రైతు వీలునామాలో పొలం, ఆవు, పరుపుల వరసలో మనుషుల పేర్లు వస్తాయి, ఇంటిపేరు లేకుండా. కెప్టెన్ అబ్రహాం తమ్ముడు ఐజాక్ టెన్నెస్సీలో బానిసలున్న యజమాని. ఐజాక్‌కు ఏడు తరాల గొలుసు తయారు. అతని పొలంలో పనిచేసినవాళ్లకు ఒక తరం వెనక్కి వెళ్లడమే కష్టం. పద్ధతి ఒకటే, అదే కోర్టు, అదే గుమస్తా, కానీ ఒకరికి వంశం, మరొకరికి ధర. ఈ రికార్డుల్ని కుటుంబ చరిత్రకు తటస్థమైన ఆధారాలని పిలవడం అన్యాయం.

పత్రవాది: తటస్థం కావన్నది పూర్తిగా నిజం. దీనికి జవాబు చెప్పి తప్పించుకోలేము. చెప్పగలిగిందల్లా ఒక్కటే: ఈనాడు ఆ బానిసల వారసులు వెతుకుతున్నది కూడా ఆ వీలునామాల్లోనే. వర్జీనియాలో ఆల్బెమార్ల్ పారిష్‌కు 1739 నుంచి విలియం విల్లీ అనే పాదిరి రాసిన రిజిస్టరులో, తెల్లవాళ్ల పిల్లలతోపాటు బానిసల పిల్లల జననాలూ యజమాని పేరుతో సహా ఉన్నాయి. మిడిల్‌సెక్స్ కౌంటీ క్రైస్ట్ చర్చి రిజిస్టరులోనూ అలాంటి పద్దులు ఉన్నాయి. ఒక బిడ్డ పుట్టిన రోజు ఎక్కడైనా నిలిచిందంటే అక్కడే. యజమానుల వీలునామాల్ని ఒకదాని తర్వాత ఒకటి పట్టుకొని, ఫలానా పిల్ల ఏ కూతురికి వెళ్లిందో, ఏ ఏడు ఎవరి జాబితాలో తేలిందో చూస్తూ పోతే విడిపోయిన తల్లీబిడ్డల్ని కాగితం మీదైనా కలపవచ్చు. అన్యాయం చేసినవాడు రాసుకున్న లెక్క కూడా బాధితుడికి ఆధారం అవుతుంది.

సంశయవాది: ఆ లెక్క రాసింది పన్ను కోసం. 16 ఏళ్లు నిండిన బానిసలు, మగైనా ఆడైనా, పన్ను లెక్కలోకి వచ్చేవాళ్లు కాబట్టి యజమానికి వయసు కావలసి వచ్చింది. ఆ పద్దుతో బిడ్డను వెతకడం పుణ్యకార్యం, అందులో సందేహం లేదు. అయితే ఆ పద్దులో ఉన్న సంబంధం యజమానికీ సొత్తుకూ మధ్య ఉన్నది. దాన్ని తల్లీబిడ్డల సంబంధంగా మార్చేది వెతికే మనిషి పట్టుదల. ఆ ఘనత కాగితానికి ఇవ్వకూడదు.

ఆ పట్టుదల తప్పుదారి పడితే ఏమవుతుందో గుస్తావ్ ఆంజూ చూపించాడు. స్వీడన్ నుంచి వచ్చి అమెరికాలో స్థిరపడిన ఈ వృత్తి వంశకారుడు డబ్బున్నవాళ్ల కోసం వలసకాలపు వంశావళులు కల్పించాడు. నిజమైన రిజిస్టరు పద్దుల మధ్య ఎక్కడా లేని వీలునామాలు ఇరికించడం అతని పద్ధతి. చదివేవాడికి కావలసిన రూపంలోనే సాక్ష్యం ఇచ్చాడు కాబట్టి నమ్మారు.

పత్రవాది: అబద్ధం పట్టుబడింది కూడా అందుకే. ఉందన్న వీలునామా ఆ కోర్టులో లేదని ఎవరైనా వెళ్లి చూడవచ్చు. కుటుంబ గాథను అలా పరీక్షించడం కుదరదు. లింకన్ తన పెద్దలు క్వేకర్లని అనుకున్నాడు. పుట్టకముందే తండ్రి వాటా రాసిన ఆ అబ్రహాం ఆన్ బూన్ అనే క్వేకర్ అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. బయటివాణ్ని చేసుకున్నందుకు ఆమె తప్పు ఒప్పుకున్నట్టు 1761 నాటి ఎక్సెటర్ క్వేకర్ సమావేశం మినిట్స్‌లో ఉంది. అంటే ఆ లింకన్ క్వేకర్ కాడు. నియమం తప్పిన రోజే ఆమె పేరు పుస్తకంలోకి ఎక్కింది.

సంశయవాది: చివరి చిక్కుముడి నాన్సీ హాంక్స్ దగ్గరే ఉంది. 2015లో తల్లి వరసలోని వారసుల మైటోకాండ్రియల్ డీఎన్‌ఏ పోల్చి చూస్తే ఆమె లూసీ కూతురేననీ, లూసీ జోసెఫ్ భార్య ఆన్ కూతురనీ తేలింది. 1793 వీలునామా పలకని పేరును శరీరం పలికింది. అప్పటిదాకా ఆ కాగితం ఆధారంగా లూసీని కుటుంబం బయట నిలబెట్టినవాళ్లు తప్పు చేశారు.

పత్రవాది: ఏ ఇద్దరు స్త్రీల వారసులను పోల్చాలో చెప్పింది మాత్రం పత్రాలే. బార్టన్ కాగితాల మీద వేసిన అంచనానే పరీక్ష బలపరిచింది.

సంశయవాది: నాన్సీ తండ్రి ఎవరన్నది ఆ పరీక్ష చెప్పలేదు, ఎందుకంటే అది తల్లి వరసను మాత్రమే చూస్తుంది. లింకన్ తన తల్లి తండ్రి వర్జీనియాకు చెందిన మంచి కుటుంబపు పెద్దరైతు అని చెప్పినట్టు ఆయన న్యాయవాద భాగస్వామి విలియం హెర్న్‌డన్ రాశాడు. వీలునామా లేదు, రిజిస్టరు లేదు, ఉన్నది ఒక స్నేహితుడి జ్ఞాపకం. పత్రవాదుల నియమం ప్రకారం వంశవృక్షంలో ఆ గడి ఖాళీగా ఉండాలి. కానీ ఆ మనిషి ఉన్నాడు. ఖాళీ గడి లేనివాడికీ తెలియనివాడికీ ఒకే గుర్తు.

పత్రవాది: ఖాళీగానే ఉండాలి. ఆ ఖాళీ పక్కన హెర్న్‌డన్ మాట, అది ఎవరు ఎవరితో ఎప్పుడన్నదీ రాసి ఉంచాలి. ఈనాడు ఒక పేరు నింపితే రేపు దాన్ని ఎవరూ వెతకరు.

సంశయవాది: రాసి ఉంచితే సరే. వృక్షం అచ్చయినప్పుడు ఆ పక్క మాటనే ముందు కొట్టేస్తారు.